రాజశేఖర చరిత్రమున న్యాయ విచారము

ఒక జాతి నడవడిని తెలిసికొనుటకు శాసన గ్రంథములను మాత్రము చదివిన చాలదు. ఏది న్యాయమో శాసనము చెప్పును. ఊరిలో ఏది న్యాయముగా చెల్లుచున్నదో కథ చెప్పును. గోదావరీ మండలమునకు అట్టి కథ యొకటి కలదు. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878వ సంవత్సరమునుండి తమ వివేకవర్ధనీ పత్రికయందు ప్రకటించి, 1880లో పుస్తకముగా వెలువరించిన 'రాజశేఖర చరిత్రము'. తెలుగున తొలి నవల ఇదియా, 1872 నాటి 'శ్రీ రంగరాజ చరిత్రము'నా యను వాదమును పండితులకు విడిచెదము. ఇంగ్లీషు కవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన కథకు ఇది ఎంతవరకు ఋణపడినదను తగవులోనికిని మేము దిగము. ఇందు అన్యాయము ఎచ్చట పుట్టినది? న్యాయము ఏ దారిని వచ్చినది? ఆ దారి ఎల్లరకును తెరచియున్నదా? మేము విచారింపదలచినది ఇంతియే.

కథ మన పాఠకులలో పెక్కుమందికి పరిచితమే. పెద్దాపురపు ప్రభువులు ఏలుబడి సేయుచున్న కాలమున ధవళేశ్వరములో రాజశేఖరుడను సంపన్న గృహస్థు కలడు. దాత, సాధువు, పొగడ్తలకు లొంగువాడు. కలిమి యున్నంత కాలము ఆయన అరుగు ఖాళీగా నుండదు. స్వర్ణయోగము తెలిసినవాడనని చెప్పుకొన్న బైరాగి ఇంటిలోని వెండి బంగారములను మూటగట్టుకొని మాయమగును. పెద్దకుమార్తె రుక్మిణి భర్త కాశీలో మరణించెనను వార్త వచ్చును. దుఃఖమున కృశించుచున్న ఆ బాలికకు దయ్యము పట్టెనని భూతవైద్యుడు ఇల్లు చొచ్చును. కలిమితోపాటు మిత్రులును తొలగిపోగా, రాజశేఖరుడు భార్యా బిడ్డలతో కాశీకని ఊరు విడుచును. దారిలో దొంగలు పడుదురు. భీమవరమున శోభనాద్రిరాజు పన్నుగడవలన ఆయన పెద్దాపురము చెరసాలకు పోవును.

ఇందు మొదట గమనింపదగినది ఒకటి కలదు. రాజశేఖరుని ఇల్లు కూల్చినవారు దండెత్తివచ్చిన శత్రువులు కారు. బైరాగిని ఆయనయే పీటవేసి కూర్చుండబెట్టెను. భూతవైద్యుని ఆయన ఇంటివారే పిలిపించిరి. మూఢవిశ్వాసము బలాత్కారముగా ఇంట ప్రవేశింపదు. పెద్దల మన్నన పొంది, శాస్త్రమను పేరు పెట్టుకొని, వీధి వాకిలినుండియే వచ్చును. పంతులుగారు ఆ మోసగాండ్రను మాత్రము దూషించి యూరకొన్నచో ఈ నవల ఇంతకాలము నిలిచెడిది కాదు. మంచివాడైన గృహస్థు తన మంచితనముతోడనే మోసపోవు తీరును, ఆ మోసపు బరువు ఇంటిలోని బలహీనులపై పడు తీరును వారు చూపిరి. బంగారము పోగొట్టుకొన్నవాడు తండ్రి. భూతవైద్యుని యెదుట కూర్చుండవలసి వచ్చినది కూతురు.

రుక్మిణి సంగతియే ఈ నవలకు ప్రాణమని మా అభిప్రాయము. ఒక వార్త చెవిని పడినంతనే ఆమె బ్రదుకు మారిపోయెను. వార్త నిజమా యని కాశీకి మనిషిని పంపి విచారించు ఓపిక లోకమునకు లేకపోయెను. సాక్ష్యము లేదు, విచారణ లేదు. శిక్ష మాత్రము తక్షణమే అమలు జరిగెను. కడకు భర్త సజీవుడై తిరిగివచ్చుటచే ఆమె కష్టము తీరెను. పాఠకుడు సంతసించును. కాని ఆ వార్త నిజమే యైనచో? అప్పుడు రుక్మిణికి ఏమి న్యాయము కలదు? నవల ఈ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయదు.

ప్రత్యుత్తరమును నవలాకారుడు కాగితముమీద గాక రాజమహేంద్రవరపు వీధులలో ఇచ్చెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మ అను బాలవితంతువునకును ఆయన పెండ్లి జరిపించెను. వితంతు వివాహములు చెల్లునని 1856 నాటి 15వ చట్టము శాసించియే యుండెను. చట్టము పుట్టి ఇరువదియైదు సంవత్సరములు గడచినను, గోదావరీ తీరమున దాని ఫలము నందుకొను ధైర్యము ఎవరికిని కలుగలేదు. పెండ్లి జరిగిన పిమ్మట వెలివేతలు వచ్చినవి. వంటవారు, నీళ్లు తెచ్చువారు రాకపోగా, పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్లు మోసిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసి నిలిచిరి. శాసనమునకును ఊరికిని నడుమనున్న దూరమును ఆ నీళ్లబిందెయే కొలిచినది. చట్టము చేయుట దొరతనమువారి పని. దానిని ఇంటిలోనికి తెచ్చుకొనుట గృహస్థుల పని.

ఇక చెరసాల మాట. రాజశేఖరుడు నేరము చేయలేదు. బలవంతుని మాట కాదన్నాడు, అందుకే చెర. ఆయనకు విడుదల ఎట్లు కలిగెను? త్రోవలో ఆ కుటుంబము ఆదరించిన రామరాజు మారువేషమున సంచరించుచున్న పెద్దాపురము ప్రభువు కృష్ణజగపతియే యగుటచే కలిగెను. ప్రభువు తన ఉపకారిని గుర్తించెను, శోభనాద్రిరాజు దుర్మార్గము బయల్పడెను, కథ సుఖాంతమయ్యెను. గోల్డుస్మిత్తు కథలోను ఇట్లే మారువేషముననున్న ప్రభువు నిరపరాధియైన పురోహితుని ఆదుకొనును. రెండు దేశముల కథకులును న్యాయమునకు మారువేషమే వేసిరి.

ఇచ్చట మేము పాఠకులను ఒక్క క్షణము నిలువుమని కోరుచున్నాము. ప్రభువునకు దారిలో ఉపకారము చేసిన భాగ్యము రాజశేఖరునికి దక్కినది. అదే చెరసాలలో అట్టి భాగ్యము లేని మరియొక నిరపరాధి యున్నచో వాని గతి యేమి? ఒక మనుష్యుని కృతజ్ఞతపై ఆధారపడిన న్యాయము దయ యగును గాని న్యాయము కానేరదు. మారువేషపు రాజులు కథలకు శోభ. రాజ్యమునకు కావలసినది ముఖపరిచయము లేనివానికిని వినబడు విచారణ.

ఈ నవల చూపు మేరయు మనము గుర్తింపవలెను. ఇది అగ్రవర్ణపు ఇంటి కథ. ఆ ఇంటివారికి ధాన్యము పండించినవారి గోడు ఇందు వినబడదు. ఊరిబయటి వాడ తలుపు తెలుగు నవలలో గట్టిగా తెరచుకొనుటకు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు చెరసాలనుండి వ్రాసి, 1922లో వెలువరించిన 'మాలపల్లి' రావలసి వచ్చినది. దానిని చెన్నపురి దొరతనమువారు నిషేధించుటయే ఆ తలుపు వెనుకనున్న సత్యమునకు సాక్ష్యము. అయినను ఇంటి గడపలోపలి అన్యాయమును బయటపెట్టు విద్యను తెలుగువారికి నేర్పినది రాజశేఖర చరిత్రమే. 1887లో హచిన్‌సన్ అను నాతడు దానిని ఇంగ్లీషు చేసి లండనులో ప్రకటించెను.

ఇవి గతించిన సంగతులని తలచువారికి నేటి లెక్క యొకటి చూపెదము. జాతీయ నేర గణాంకముల సంస్థ 2022వ సంవత్సరమునకు ప్రకటించిన వివరముల ప్రకారము, మన దేశపు చెరసాలలలో నున్నవారిలో నూటికి 75 మందికి పైగా నేరము రుజువు కాని విచారణ ఖైదీలు. వీరిలో జామీను మంజూరైనను పూచీ నిలుచువాడు లేక లోపల నుండిపోయిన పేదలు కలరు. వీరందరును దోషులని ఎట్లనగలము? నిర్దోషులనియు మేమనము. తేలకముందే అనుభవించు శిక్ష రుక్మిణి అనుభవించిన శిక్ష వంటిదే యని మాత్రము అందుము. గుప్తనిధుల పేరిట, దయ్యముల పేరిట మోసపోయినవారి వార్తలును పత్రికలలో ఇంకను కనబడుచునే యున్నవి. బైరాగి వేషము మార్చెను గాని వృత్తి మానలేదు.

డెల్టా భూస్వాములును, పట్టణములలోని విద్యావంతులును ఈ విషయమున చేయదగినది కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము చెరలోనున్నవానికి ఉచితముగా న్యాయవాదిని పొందు హక్కు నిచ్చినది. తమ పాలెములోని కూలివాడు అరెస్టయినప్పుడు ఆ మాట వాని ఇంటివారికి చెప్పి, మండల న్యాయసేవాధికార సంస్థకు దారి చూపుట, ఎరిగినవాడైనచో పూచీ నిలుచుట మన కలవికాని పనులు కావు. ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినప్పుడు భూతవైద్యునికి ముందు వైద్యుని పిలుచుటయు అట్టిదే. పంతులుగారు కడకు తమ ఆస్తిని హితకారిణీ సమాజమున కర్పించిరి. వారు కోరినది విగ్రహములు కాదు. మన మండలమున న్యాయము మారువేషపు రాజుకొరకు కాచుకొని యుండకుండునట్లు చేయుటయే వారి నవలను చదివినవారికి తగిన పని.