వదలలేనిది మందునా? మిత్రులనా?

"డాక్టరు గారూ! మందు మానెయ్యమంటే రేపే మానేస్తాను. కాని సాయంత్రం ఏడింటికి ఆ నలుగురినీ చూడకుండా ఉండమంటే మాత్రం నా వల్ల కాదండీ!"

వార్డులో మంచం మీద కూచుని ఒక గుమాస్తాగారు నాతో అన్నమాట ఇది. వయస్సు 46. కళ్ళు పచ్చబడ్డాయి. పొట్టలో నీరు చేరింది. పాదాలు వాచాయి. అలాగని ఆయన వీధిలో పడి దొర్లే తాగుబోతు కాడు. ఏనాడూ ఒంటరిగా తాగలేదు. ఇంట్లో సీసా పెట్టలేదు. ఆఫీసు వదలగానే బస్టాండు దగ్గరి బారులో నలుగురు స్నేహితులతో రెండు గంటలు కూచునేవారు. అంతే. కాని అది 15 ఏళ్ళపాటు, దాదాపు ప్రతి రోజూ జరిగింది.

ఆ మాట విని నవ్వి ఊరుకోవచ్చు. నేను నవ్వలేదు. అందులో నిజం ఉంది.

ఎందుకంత ఆకర్షణ?

ఆఫీసులో పైవాడి కసురు, ఇంట్లో ఫీజులు, అద్దె, అమ్మ జబ్బు. మగవాడు మనసు విప్పి మాట్లాడుకునే చోటు మన ఊళ్ళలో ఎక్కడుంది? బారులో ఎవరూ ఏమీ అడగరు. జోకు వేస్తే నవ్వే నలుగురుంటారు. ఇంగ్లండులో 'పబ్' అనేది 'పబ్లిక్ హౌస్' అన్న మాటకు పొట్టి రూపం. అంటే పదిమంది కూడే ఇల్లు! హైదరాబాదులో రంగు దీపాల పబ్బయినా, చిన్న ఊరి బారయినా, తాటిచెట్ల కింద కల్లు దుకాణమయినా మనిషిని లోపలికి లాగేది ముందుగా ఈ కూడిక. మందు ఆ తర్వాతే.

స్నేహం ఆరోగ్యానికి మంచిదే. ఒంటరితనం గుండెకూ, మనసుకూ కూడా చేటు చేస్తుంది. చిక్కల్లా, అక్కడ స్నేహానికి అద్దె మీ కాలేయం చెల్లిస్తుంది.

వంతుల లెక్క

ఒంటరిగా తాగేవాడు తనకు చాలనిపిస్తే ఆపవచ్చు. నలుగురిలో కూచున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు. "ఈ రౌండు నాది" అని ఒకరంటే, "తర్వాతది నాది" అని ఇంకొకరు. నలుగురుంటే నాలుగు రౌండ్లు. మధ్యలో లేస్తే పిసినారి అంటారు, లేదా "ఇంట్లో భయమా?" అని వెక్కిరిస్తారు. అందరికన్నా వేగంగా తాగేవాడే అందరి మోతాదునూ నిర్ణయిస్తాడు. నంజుకోను పెట్టే ఉప్పు పల్లీలు, కారం పకోడీలు దాహాన్ని ఇంకా పెంచుతాయి.

ఇప్పుడు కాస్త లెక్క చూడండి. 30 మిల్లీలీటర్ల విస్కీ లేక బ్రాందీలో, అంటే ఒక 'స్మాల్'లో, సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు. "నేను బీరే తాగుతానండీ" అనేవారు కూడా వినాలి. 8 శాతం ఆల్కహాలున్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాములుంటుంది. అనగా నాలుగు స్మాల్స్‌తో సమానం!

మన కాలేయం గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే విరగ్గొట్టగలదు. నిమ్మరసం తాగినా, నెత్తిన చన్నీళ్ళు పోసుకున్నా, కాఫీ తాగినా ఈ వేగం పెరగదు. రాత్రి పదింటికి క్వార్టరు ముగించినవాడి రక్తంలో తెల్లవారుజామున కూడా మద్యం ఉండవచ్చు.

రోజూ ఇంత భారం మోసే కాలేయంలో మొదట కొవ్వు చేరుతుంది. ఈ దశలో నొప్పి ఉండదు. మానేస్తే చాలావరకు బాగుపడుతుంది. తర్వాత వాపు, కామెర్లు. చివరకు కాలేయం గట్టిపడి ముడుచుకుపోతుంది. దీన్నే సిరోసిస్ అంటారు. అది వచ్చాక పూర్వస్థితి రావడం కష్టం. అంతే కాదు, రక్తపోటు పెరుగుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయాల కేన్సరుకూ మద్యం కారణమే. ఏ హాని లేని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

మరి తాగగానే హుషారు ఎందుకొస్తుంది? మద్యం ఉత్తేజం కలిగించే పదార్థం కాదు. అది మత్తు పదార్థం. మెదడులో మంచిచెడ్డలు చూసి "ఆగు" అని చెప్పే భాగాన్ని ముందుగా జోకొడుతుంది. అందుకే మాట జోరందుకుంటుంది. ఆ జోరుతోనే మోటారు సైకిలు ఎక్కుతారు! మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. చాలామందికి రెండు స్మాల్స్ ఆ హద్దు దాటించగలవు.

మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

1984లో జాన్ ఈవింగ్ అనే అమెరికన్ డాక్టరు ప్రకటించిన నాలుగు ప్రశ్నలివి.

1. తాగడం తగ్గించుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా?
2. మీ తాగుడు గురించి ఎవరైనా మాట అంటే చిరాకు వేసిందా?
3. తప్పు చేస్తున్నానని బాధపడ్డారా?
4. చేతులు వణికో, తలనొప్పి తగ్గాలనో పొద్దున్నే తాగారా?

రెండింటికి "అవును" అని జవాబు వస్తే డాక్టరును కలవండి. సిగ్గుపడవలసిన పనిలేదు.

ఏం చెయ్యాలి?

రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా సొంతంగా మానెయ్యకూడదు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణానికి ముప్పు కావచ్చు. ఆస్పత్రిలో బి-1 విటమిను, తగిన మందులు ఇచ్చి నిదానంగా మాన్పిస్తాం. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446.

నిద్రమాత్రలు వాడేవారు మద్యం ముట్టవద్దు. ఊపిరి ఆగిపోయే ప్రమాదముంది. మధుమేహానికి మందులు వాడేవారు ఖాళీ కడుపున తాగితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. పక్కవారు మత్తులో ఉన్నాడనుకుని వదిలేస్తారు!

అమ్మలకు ఒక హెచ్చరిక. ఆయనకు తెలియకుండా అన్నంలో, మజ్జిగలో 'తాగుడు మాన్పించే మాత్ర' కలపకండి. డైసల్ఫిరామ్ అనే ఆ మందు మీద ఉండగా మద్యం తాగితే గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి మరణం సంభవిస్తాయి. రోగి ఒప్పుకున్నాక, డాక్టరు చూస్తుండగా వాడవలసిన మందు అది.

ఇక స్నేహితుల మాట. వారిని వదలకండి, చోటు మార్చండి. అదే ఏడింటికి, అదే నలుగురు టీకొట్టు దగ్గర కలవండి. షటిల్ ఆడండి. పార్కులో నాలుగు చుట్లు తిరగండి. "డాక్టరు మానమన్నాడు" అని నా మీద నెట్టెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. ఏ వేడుకకో బారుకు వెళ్ళక తప్పకపోతే ముందు ఇంట్లో అన్నం తినండి, సోడా నిమ్మరసం తెప్పించుకోండి, రౌండ్ల లెక్కలో దిగకండి.

మా గుమాస్తాగారు వార్డులో 19 రోజులున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు రానేలేదు. ఒకాయన వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. నాలుగో ఆయన మాత్రం రోజూ సాయంత్రం ఇడ్లీ పొట్లంతో వచ్చి, రోగి తిన్నదాకా కూచునేవాడు. ఒకనాడు వరండాలో నన్ను ఆపి, "నాకు కూడా ఆ రక్తపరీక్ష రాయండి సార్" అన్నాడు.

గుమాస్తాగారి కాలేయం మునుపటిలా కాలేదు. కాదు కూడా. కాని మనిషి దక్కారు. ఇప్పుడు ఏడింటికి ఆ ఇద్దరూ బస్టాండు టీకొట్టు బల్ల మీద కనిపిస్తారు. మొన్న పరీక్షకు వచ్చినప్పుడు, "ఆ నలుగురూ ఎలా ఉన్నారండీ?" అని అడిగాను.

"నలుగురు కారండీ, ఉన్నది ఒక్కడే. అప్పుడు తెలియలేదు" అన్నారాయన.

మీ నలుగురిలో ఎందరు నిజంగా మీవారో తెలుసుకోవడానికి మీరు మా వార్డు దాకా రానక్కర్లేదు. రేపు సాయంత్రం వాళ్ళను టీకి పిలిచి చూడండి.