ఆ వేషము ఎవరి ఎంపిక? – గర్ల్‌బ్యాండులను గూర్చిన అపోహలు, వాస్తవములు

పగలెల్ల నాపరాతి పాలిషింగు యంత్రముల రొదతోను, కందుల బస్తాలు దించు లారీల సందడితోను నిండియుండు తాండూరు వీధులు పెండ్లిండ్ల కాలమున రాత్రివేళ డీజే బండ్ల వశమగుచుండును. బరాత్ ముందు యువకులు ఐటెంసాంగులకు ఎగురుచుండగా, పెండ్లివారి అరుగుమీద ఒక ప్రక్కగా కూర్చున్న ఇంటర్మీడియెట్ బాలికలు తమ ఫోనులలో కొరియాదేశపు గాయనీబృందముల వీడియోలు చూచుచుందురు. ఆ తెరవైపు ఒక్క క్షణము తొంగిచూచిన పెద్దమనిషి "సిగ్గు శరం లేని పోరీలు, పాట రాకున్నా పైసల కోసం గిట్ల ఎగురుతున్నరు" అని తీర్పు చెప్పి భోజనములకు లేచిపోవును. బరాత్ ముందు మ్రోగుచున్న పాటకు ఆయనయే ఇంతకుముందు చప్పట్లు కొట్టియుండెనను సంగతిని ప్రస్తుతము విడిచిపెట్టుదము. ఆ తీర్పునందు పెనవేసికొనియున్న అపోహలను మాత్రము ఒక్కొక్కటిగా విప్పిచూచుట యుక్తము.

ఆ యువతులు తమంత తాము జతకూడి, తమకు తోచిన దుస్తులు ధరించి, లోకమును రెచ్చగొట్టుటకై వేదికనెక్కిరనుట వానిలో మొదటిది. స్నేహితులు నలుగురు కలిసి వాద్యములు పట్టుకొని ఏర్పరచుకొన్న బృందము వేరు. వ్యాపారసంస్థ ప్రకటన వేసి, పరీక్షలు పెట్టి, ఎత్తును, రంగును, కంఠమును, వయస్సును లెక్కించి కూర్చిన బృందము వేరు. 1994లో ఇంగ్లాండునందు హెర్బర్టు అను ఇంటిపేరుగల తండ్రికొడుకులు ఆడపాడ నేర్చిన యువతులు కావలెనని 'ది స్టేజ్' అను రంగస్థలపత్రికలో ప్రకటింపగా, వచ్చిన దాదాపు 400 మందిలోనుండి అయిదుగురు ఎన్నికైరి. వారిలో ఒకరు వెడలిపోగా మరియొకరు ఆ స్థానమున చేరిరి. అనంతరకాలమున ప్రపంచమంతయు ఎరిగిన స్పైస్ గర్ల్స్ ఇట్లు పుట్టినది. బేబీ, స్కేరీ, స్పోర్టీ, పోష్, జింజర్ అను వారి మారుపేర్లు సైతము వారు పెట్టుకొన్నవి కావు. 1996లో 'టాప్ ఆఫ్ ది పాప్స్' పత్రికను నడపుచుండిన పీటర్ లొరేన్ అనువాడు ఆ పేర్లను కల్పింపగా లోకము వానినే స్థిరపరచెను. అయిదుగురు స్త్రీలు, అయిదు ముద్రలు: పసితనము ఒకతెకు, దర్పము ఒకతెకు, ఉగ్రత్వము ఒకతెకు. కొనుగోలుదారునకు తనకు నచ్చినదానిని ఏరుకొను సౌకర్యము ఇందున్నది.

పుస్సీక్యాట్ డాల్స్ చరిత్ర ఇంతకంటె స్పష్టమైనది. 1995లో లాస్ ఏంజలెస్ నగరమున రాబిన్ ఆంటిన్ అను నృత్యదర్శకురాలు క్లబ్బులలో ప్రదర్శనలిచ్చుటకై ఒక నర్తకీబృందమును నెలకొల్పెను; 2003లో ఒక రికార్డింగు కంపెనీ దానిని గాయనీబృందముగా మార్చెను. వస్త్రధారణ మొదట నిశ్చయమైనది, సంగీతము పిదప వచ్చినది. పాటలలో అధికభాగము నికోల్ షెర్జింగర్ అను ఒక్కతె కంఠమే. మిగిలినవారు ముఖ్యముగా దేహములు. మన ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన 'జై హో' పాటకు 2009లో ఆంగ్లరూపము కల్పించినప్పుడు పాడినది ఈ బృందమే కనుక, తాండూరువారికిని వీరి స్వరము బొత్తిగా అపరిచితము కాదు.

ఇక డబ్బు సంగతి. పైసలకోసమే ఎగురుచున్నారని అనువారు ఆ పైసలు ఎవరి పెట్టెలో పడుచున్నవో విచారింపరు. రికార్డింగునకును, వీడియోకును, ప్రచారమునకును కంపెనీ పెట్టిన పెట్టుబడిలో చాలభాగము గాయనుల రాబడినుండియే తిరిగి రాబట్టుకొనబడును. ఆ లెక్క తీరువరకు వారి చేతికి వచ్చునది స్వల్పము. దక్షిణకొరియాలో శిక్షణకై బాల్యముననే చేర్చుకొని, వసతి, భోజనము, నృత్యశిక్షణల వ్యయమును ఖాతాలో వ్రాసి, దీర్ఘకాల నిబంధనలతో కట్టివేయు పద్ధతి ప్రబలినందున, అచ్చటి పత్రికలే వానిని బానిస ఒప్పందములని పేర్కొనినవి. తుదకు 2009లో ఆ దేశపు వాణిజ్యనియంత్రణ సంఘము ఒక ప్రామాణిక ఒప్పందపత్రమును రూపొందించి, కాలపరిమితిని 7 సంవత్సరములకు తగ్గించెను. ఇట్టి పత్రముపై సంతకము చేసిన పదునారేండ్ల బాలిక లంగా పొడవును తానే నిర్ణయించుకొనెనని నమ్ముట, బండ నునుపునకు కారణము పాలిషింగు యంత్రము కాదు, గనియే అని వాదించుటవంటిది.

అయితే ఈ మాట విన్నవెంటనే కొందరు సానుభూతిపరులు మరియొక అపోహలోనికి జారుదురు. అట్లయినచో వారందరును కేవలము కీలుబొమ్మలే గదా అని వీరి వాదము. ఇదియు నిజము కాదు. స్పైస్ గర్ల్స్ అయిదుగురును తమను కూర్చిన హెర్బర్టులను 1995లోనే విడిచి వెడలిరి. పాటల రచనలో తమ పేర్లను చేర్పించుకొనిరి. పిమ్మట తమ వ్యవహారములు చక్కబెట్టుచుండిన సైమన్ ఫుల్లర్‌ను, కీర్తి శిఖరమున ఉన్న 1997లోనే, తామే తొలగించిరి. ఈ స్త్రీలకు బుద్ధియు, పట్టుదలయు, వ్యాపారజ్ఞానమును కలవు. జాలిపడువాడును, నిందించువాడును కూడ దీనిని చూడరు. ఇద్దరి దృష్టియు వారి దేహముమీదనే నిలిచియుండుట గమనింపదగినది.

కంపెనీ తీర్చిదిద్దిన బృందమనిన తప్పక అశ్లీలముగానే ఉండుననుట ఇంకొక భ్రమ. 1959లో డెట్రాయిటు నగరమున బెర్రీ గోర్డీ స్థాపించిన మోటౌన్ సంస్థ ఎంత కర్మాగారమో, అచ్చటి కళాకారిణులు అంత గౌరవప్రదముగా కనబడవలెనని ఆయన పట్టుదల. సుప్రీమ్స్ బృందమునందలి నల్లజాతి యువతులకు ఎట్లు నడువవలెను, ఎట్లు కూర్చుండవలెను, కారునుండి ఎట్లు దిగవలెను అని నేర్పుటకై మాక్సీన్ పవెల్ అను ఉపాధ్యాయినిని ప్రత్యేకముగ నియమించిరి. తెల్లవారి గృహములలోనికి, టెలివిజన్ తెరమీదికి, ఖరీదైన నైట్‌క్లబ్బులలోనికి వారు ప్రవేశింపవలెనన్న, నేలజీరాడు గౌనులును చేతితొడుగులును అమ్ముడుపోవు సరకని సంస్థ గ్రహించెను. 1964లో ఆరంభించి వరుసగా వారి అయిదు పాటలు అమెరికాలో ప్రథమస్థానమును అందుకొనినవి. ఆ మర్యాదయు తయారుచేయబడినదే, ఈ నగ్నతయు తయారుచేయబడినదే. విపణి ఏది కోరునని యజమాని తలచునో అదియే వేషమగును. కనుక ఒకరిని సాధ్వులుగాను మరియొకరిని పతితలుగాను ఎంచుటలో అర్థము లేదు.

మన దేశమున ఈ కర్మాగారపద్ధతి 2002లో ఛానెల్ వి నడిపిన పాప్‌స్టార్స్ పోటీతో ప్రవేశించినది. 1999లో న్యూజిలాండునందు పుట్టిన కార్యక్రమమునకు ఇది అనుసరణము. అనేక నగరములలో పరీక్షలు జరిపి అయిదుగురు యువతులను ఏరి 'వివా' అను పేరుపెట్టిరి. రెండు ఆల్బములు వెలువడినవి, బృందము కొలదికాలముననే విచ్ఛిన్నమైనది. పాట రానివారే ఇట్టి బృందములలో చేరుదురనువారు ఆ అయిదుగురిలో ఒకరగు నేహా భసీన్ కథను వినవలెను. జనతా గ్యారేజ్ (2016), జై లవకుశ (2017) చిత్రములలో ఆమె పాడిన పాటలు తాండూరు బరాత్‌లలో ఎన్నిసార్లు మ్రోగియుండునో లెక్కలేదు. పాడినది ఒక గర్ల్‌బ్యాండునుండి వచ్చిన స్త్రీయని తెలిసి ఎగిరినవారు బహుశః ఒక్కరును లేరు. జై లవకుశలో ఆమె పాడినది ఐటెంసాంగు. తెరమీద ఆడినది తమన్నా. బృందమున ఉన్నంతకాలము ముఖము చూపి పాడినామె, తెలుగు సినిమాలో ముఖము లేని కంఠమైనది.

కంఠమును దేహమునుండి వేరుచేయు ఈ విభజన మన సినిమాకు ముఖ్యలక్షణము, కాబట్టి దీనిమీద కొంత నిలువవలెను. ఈ రోగము పాశ్చాత్యదేశములనుండి దిగుమతియైనదనియు, మనకు గర్ల్‌బ్యాండులు లేవు కనుక మన సంస్కృతి సురక్షితమనియు భావించువారు, ఆ స్థానమును మన సినిమా ఎన్నడో ఆక్రమించెనని మరచుచున్నారు. కంఠము ఎల్.ఆర్. ఈశ్వరిది, దేహము జ్యోతిలక్ష్మిదో జయమాలినిదో, సాహిత్యము ఒక పురుషునిది, అడుగులు మరియొక పురుషునివి, కెమెరా ఎచ్చట నిలువవలెనో నిర్ణయించువాడు వేరొక పురుషుడు. అదే ఈశ్వరి అమ్మవారి పాటలు పాడిన, తమిళదేశమంతయు భక్తితో చేతులు జోడించినది. కనుక కంఠమునకు మాలిన్యము అంటలేదు. పాట వ్రాసినవాడు సన్మానములు పొందెను. తెరమీద కనబడిన స్త్రీకి మాత్రము ఆ పాట జన్మాంతమువరకు బిరుదమైనది. ఏలూరు ప్రాంతమున పుట్టి, విజయలక్ష్మి అను పేరును పోగొట్టుకొని, సిల్క్ స్మితయై, 1996లో మదరాసునందు మరణించిన స్త్రీని తలచుకొన్నచో ఈ లెక్క ఎవరు చెల్లించిరో తెలియును.

అట్లని శృంగారమే దోషమని నేను చెప్పుట లేదు. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ఆస్థానమునందలి ముద్దుపళని 'రాధికా సాంత్వనము' వ్రాసెను. స్త్రీ కోరికను స్త్రీయే స్వయముగా పలికిన కావ్యమది. దానిని కందుకూరి వీరేశలింగము పంతులుగారు అశ్లీలమని నిరసించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ గ్రంథమును పూర్తిపాఠముతో ప్రకటించి, పురుషులు వ్రాసిన ఇట్టి పద్యములనే మెచ్చుకొన్న పంతులుగారు ఒక వేశ్య వ్రాసినదానిని మాత్రము ఏల దూషించిరని సూటిగా అడిగెను. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానమంత్రిగా ఉన్న దినములలో గాని ఆ నిషేధము తొలగలేదు. తన కోరికను తాను వ్రాసికొన్న ముద్దుపళని అశ్లీలయైనది. వ్రాసియిచ్చిన కోరికను అభినయించు నేటి యువతియు అశ్లీలయే అగుచున్నది. మొదటిది శృంగారము, రెండవది సరకు. ఈ రెంటికి నడుమ గల దూరమును కొలుచుటకు నాగరత్నమ్మ వేసిన ప్రశ్నకంటె మంచి కొలబద్ద నాకు కనబడలేదు.

ప్రజలు కోరుచున్నారు కనుకనే కంపెనీలు ఇచ్చుచున్నవని వ్యాపారులు చెప్పు సమాధానము మరియొకటి కలదు. ప్రేక్షకుల ఓట్లతోనే బృందమును నిర్ణయింతుమని ప్రకటించి కొరియాలో నడిపిన 'ప్రొడ్యూస్ 101' కార్యక్రమముల విషయమున, ఆ ఓట్లు తారుమారైనవని 2019లో బయటపడి, నిర్మాత ఆన్ జూన్ యంగ్ అరెస్టయి, తరువాతి సంవత్సరము కారాగారశిక్ష పొందెను. ప్రజాభిరుచి అను మాటను ఇకమీదట కొంచెము జాగ్రత్తగా వినవలెను.

పిల్లలమీద దీని ప్రభావము విషయమున రెండు అతివాదములు చెల్లుబాటగుచున్నవి: ఒక పాట చూచినంతమాత్రమున బాలిక చెడిపోవునని ఒకటి, ఇదంతయు వినోదమే కనుక ఏమియు కాదని మరియొకటి. 2007లో అమెరికా మనస్తత్త్వశాస్త్ర సంఘము వెలువరించిన నివేదిక ఈ రెంటికంటెను నిదానమైనది. ఒక వ్యక్తి విలువ అంతయు లైంగికాకర్షణనుండియే వచ్చునని భావించుట, లేక లైంగికత్వమును ఆమెమీద బయటివారు రుద్దుట – వీనిని అది దోషముగా ఎంచినది. అందముగా ఉండుటను కాదు, ఆడిపాడుటను కాదు. తన దేహమును నిరంతరము ఇతరుల కన్నులతో చూచుకొనుటకు అలవాటుపడిన బాలికలలో ఏకాగ్రతయు, ఆత్మవిశ్వాసమును సన్నగిల్లు సూచనలను ఆ నివేదిక పేర్కొన్నది.

తాండూరులో దీనిని చూడవలెనన్న కొరియా వీడియోలు అక్కరలేదు, ఏదైన ఒక పాఠశాల వార్షికోత్సవమునకు వెళ్లిన చాలును. ఫంక్షన్‌హాలు వేదికవెనుక నాలుగవ తరగతి బాలికలు వరుసగా నిలిచియుందురు. అద్దెకు తెచ్చిన తళుకుల రవికె వెనుకప్రక్క వదులైనందున ఉపాధ్యాయిని రెండు పిన్నీసులు పెట్టును. బాలిక ఒక చేతితో దానిని క్రిందికి లాగికొనుచు, మరియొక చేతితో పెదవిరంగు చెదరకుండ అరచేయి అడ్డుపెట్టుకొనును. పాటను ఎన్నినది పట్టణమునుండి వచ్చిన డాన్స్ మాస్టరు. అది పెద్దల సినిమాలో పెద్దల నృత్యము. క్రింద వరుసలలో తల్లిదండ్రులు ఫోనులెత్తి చిత్రీకరింతురు. మరునాడు అదే వీధిలో అదే తండ్రి గర్ల్‌బ్యాండుల సిగ్గులేనితనమును గూర్చి ప్రసంగించును.

దీనికి చట్టము లేదనుటయు అపోహయే. టీవీ పోటీలలో పిల్లలచేత పెద్దల నృత్యములు చేయింపవలదని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 జూన్‌లో ఛానెళ్లకు సూచన పంపెను. తెలుగు సినిమాపాటలలోని అసభ్యమైన నృత్యభంగిమలమీద ఫిర్యాదులు రాగా, తెలంగాణ మహిళా కమిషన్ 2025 మార్చిలో చిత్రనిర్మాతలకు హెచ్చరిక జారీచేసెను. బాలకార్మిక నిబంధనలకు 2017లో చేసిన సవరణ మరికొంత ముందునకు పోయినది: వినోదకార్యక్రమములలో పాల్గొను బాలలచేత రోజునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు, ఎడతెగకుండ 3 గంటలకు మించరాదు, వారి సంపాదనలో కనీసము 20 శాతము వారి పేరనే బ్యాంకులో నిలువచేయవలెను, వారి ఇష్టమునకు, సమ్మతికి విరుద్ధముగా వారిని ఏ ప్రదర్శనయందును పాల్గొనజేయరాదు. వార్షికోత్సవమునకు నెలరోజుల ముందు, పాటల జాబితా తయారగునప్పుడు, ఆ చివరి షరతును జ్ఞప్తికి తెచ్చుకొని, నాలుగవ తరగతి బాలికను కూర్చుండబెట్టి "ఏ పాటకు ఆడుతవు బిడ్డా?" అని అడుగు డాన్స్ మాస్టరును ఈ ఊరిలో ఇంకను నేను చూడలేదు.