నిలిపి ఉంచిన వాహనాల నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్ల అపహరణ: కొనేవారిని కట్టడి చేస్తేనే అడ్డుకట్ట

సూర్యాపేట (ప్రత్యేక వ్యాసం): హైదరాబాద్ - విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న సూర్యాపేట, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలోని కోదాడ, బియ్యం మిల్లులకు పేరుగాంచిన మిర్యాలగూడ పట్టణాలలో రాత్రివేళ వాహనాలను రోడ్డు పక్కన నిలిపి ఉంచడం నిత్యకృత్యం. సంక్రాంతి ప్రయాణాల రోజులలోను, రెండేళ్లకొకసారి సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర సందర్భంలోను ఈ రద్దీ అనేక రెట్లు పెరుగుతుంది. యజమానులు సాధారణంగా బ్యాటరీ, డీజిలు, స్టెప్నీ టైరు విషయంలో జాగ్రత్త పడుతుంటారు. అయితే వాహనం అడుగుభాగంలో కంటికి కనపడకుండా ఉండే మరొక విలువైన పరికరంపై కూడా దొంగల దృష్టి పడుతున్నదని ఇతర రాష్ట్రాల అనుభవం తెలియజేస్తున్నది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్. మెకానిక్‌లు దీనిని సైలెన్సర్‌లో భాగంగానే వ్యవహరిస్తుంటారు.

పరికరం - పనితీరు: ఇంజనుకు, సైలెన్సర్‌కు మధ్య పొగ గొట్టంలో అమర్చే ఈ పరికరంలో తేనెపట్టు వలె సన్నని రంధ్రాలు గల పింగాణీ దిమ్మ ఉంటుంది. దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే అరుదైన లోహాల పలుచని పూత ఉంటుంది. పొగ ఈ రంధ్రాల గుండా ప్రవహించినప్పుడు అందులోని విషపూరితమైన కార్బన్ మోనాక్సైడ్, మండని ఇంధన ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్‌లు చాలావరకు బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, నత్రజనిగా మారతాయి. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు సరఫరా కావడంతో దీని వినియోగం విస్తరించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక దీని ప్రాధాన్యం మరింత పెరిగింది.

అపహరణకు కారణం: ఒక కారు కన్వర్టర్‌లో ఈ లోహాలు కొద్ది గ్రాములు మాత్రమే ఉంటాయి. కాని వాటి ధర అసాధారణం. 2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు, అనగా సుమారు 31 గ్రాములకు, 29 వేల డాలర్ల స్థాయికి చేరింది. అదే సమయంలో బంగారం ధర ఔన్సుకు 1,700 డాలర్ల ప్రాంతంలో ఉండేది. తదుపరి రోడియం ధర గణనీయంగా తగ్గినప్పటికీ, ఈ పరికరానికి గల విలువ మాత్రం అక్రమ వ్యాపారులకు తెలిసిపోయింది. అమెరికాలో జాతీయ బీమా నేరాల సంస్థ గణాంకాల ప్రకారం కన్వర్టర్ల అపహరణపై వచ్చిన బీమా క్లెయిములు 2018లో 1,298 కాగా, 2020లో 14,433కు, 2021లో 52,206కు పెరిగాయి. లోహం ధర పెరిగిన కొద్దీ చోరీలు పెరిగాయన్నది ఇక్కడ గమనార్హం.

మన దేశంలో 2021 నుంచి గుజరాత్, మహారాష్ట్రలలో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్ల చోరీలు వెలుగు చూశాయి. అక్కడి ముఠాలకు కావలసింది గొట్టం కాదు, లోపలి పింగాణీ దిమ్మను పొడిచేయగా వచ్చే లోహపు పొడి. గొట్టం మొత్తం మాయమైతే ఇంజను స్టార్టు చేయగానే పెద్ద శబ్దం వస్తుంది కనుక యజమానికి వెంటనే తెలుస్తుంది. లోపలి దిమ్మను తీసుకొని ఖాళీ గొట్టాన్ని తిరిగి బిగిస్తే మాత్రం కాలుష్య పరీక్ష వరకు ఆ సంగతి బయటపడకపోవచ్చు.

నష్టం ఎవరికి: పాఠశాల పిల్లలను, కూరగాయలను, పాల క్యాన్లను చేరవేసే చిన్న వ్యాన్లే అనేక కుటుంబాలకు జీవనాధారం. కొత్త కన్వర్టర్ అమర్చుకోవడం వారికి పెనుభారం. థర్డ్ పార్టీ బీమా మాత్రమే గలవారికి ఈ నష్టానికి పరిహారం లభించదు. ఖర్చుకు వెనుకాడి ఖాళీ గొట్టంతోనే వాహనం నడిపితే శుద్ధి కాని పొగ పట్టణ ప్రజల ఊపిరితిత్తులలో చేరుతుంది. అంతేగాక, కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద మూడు నెలల వరకు జైలు లేదా పది వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే అవకాశం ఉన్నది. ఆ విధంగా సొత్తు పోగొట్టుకున్న వ్యక్తే చట్టం ముందు దోషిగా నిలబడవలసి వస్తుంది.

చట్టం ఏమి చెబుతున్నది: 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం సాధారణ దొంగతనానికి 303వ సెక్షను కింద మూడేళ్ల వరకు శిక్ష ఉన్నది. ప్రయాణికులను, సరకులను చేరవేసే వాహనం నుంచి వస్తువులను దొంగిలిస్తే 305వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష విధించవచ్చు. ముఠాగా ఏర్పడి పాల్పడే చిన్నతరహా వ్యవస్థీకృత నేరాలను పేర్కొన్న 112వ సెక్షను వివరణలో "వాహనం నుంచి దొంగతనం" కూడా చేరి ఉన్నది. దీనికి ఏడాదికి తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. దొంగసొత్తు అని తెలిసి కొన్నవారు 317వ సెక్షను కింద శిక్షార్హులు. దానినే వృత్తిగా చేసుకున్నవారికి పదేళ్ల వరకు లేదా యావజ్జీవ శిక్ష పడవచ్చు.

రహదారి ప్రయాణికులకు మరొక వెసులుబాటు ఉన్నది. సూర్యాపేటలో రాత్రి ఆగిన వాహనానికి జరిగిన చోరీ సరిహద్దు దాటి విజయవాడ చేరిన తరువాతనే తెలిసిందనుకుందాం. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా అందుబాటులోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుపై మూడు రోజులలోగా సంతకం చేయవలసి ఉంటుంది.

యజమానులు పాటించవలసినవి: వాహనాన్ని వెలుతురు, సి.సి. కెమెరాలు ఉన్నచోట నిలపాలి. వీలైనంతవరకు పొగ గొట్టం గోడవైపు ఉండేలా చూసుకోవాలి. కన్వర్టర్‌పై రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించుకోవడం వలన సొత్తు దొరికినప్పుడు యజమానిని గుర్తించడం సులభమవుతుంది. శబ్దం మారినా, డ్యాష్‌బోర్డుపై ఇంజను హెచ్చరిక దీపం వెలిగినా అడుగుభాగం పరిశీలింపజేసుకోవాలి. అర్ధరాత్రి నిలిపి ఉన్న వాహనం కింద ఎవరైనా పనిచేస్తూ కనిపిస్తే 112కు తెలియజేయాలి.

అసలు కీలకం కొనుగోలుదారుల వద్ద ఉన్నది. దొంగకు ఈ పొడితో స్వంత అవసరం లేదు. కొనేవాడు ఉంటేనే అతనికి లాభం. కావున పాత ఇనుప సామాను వ్యాపారులు, మెకానిక్ షెడ్ల నిర్వాహకులు కన్వర్టర్ తెచ్చినవారి పేరు, గుర్తింపు పత్రం, వాహనం నంబరు నమోదు చేసుకోనిదే కొనరాదు. కాలం చెల్లిన వాహనాలను 2021 నిబంధనల ప్రకారం రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకు అప్పగించడం శ్రేయస్కరం. కాలుష్య పరీక్షా కేంద్రాలవారు పరీక్షలో విఫలమైన వాహనాన్ని కేవలం తిప్పిపంపకుండా, కన్వర్టర్ యథాస్థానంలో ఉన్నదో లేదో చూసుకోమని యజమానికి సూచించాలి.

ఇటువంటి ఘటనలను "సైలెన్సర్ చోరీ" అని ఒక్క వాక్యంతో ముగించకుండా, ఆ సొత్తు ఎవరి చేతికి చేరిందన్న ప్రశ్నను కూడా పాత్రికేయులు, అధికారులు లేవనెత్తవలసిన అవసరం ఉన్నది. ఆ ప్రశ్నకు సమాధానం లభించిననాడే వ్యాన్ యజమాని ఉపాధికి, పట్టణ ప్రజలు పీల్చే గాలికి రక్షణ కలుగుతుంది.