లేని నీడలు

కేన్సర్ గడ్డను శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో నాశనం చేసే పద్ధతిని రేడియోథెరపీ అంటారు. వాడుకలో దీనినే ‘కరెంటు పెట్టడం’ అంటారు గాని, రోగి శరీరంలోకి విద్యుత్తు ప్రవేశించదు. కిరణాలను ఏ దిక్కు నుంచి, ఎంత మోతాదులో పంపాలో ముందుగా లెక్కకట్టాలి. ఆ లెక్కకు ఆధారం సి.టి. స్కాన్.

సి.టి. యంత్రాన్ని రూపొందించినవాడు ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడును దీనితో చిత్రించారు. ఈ యంత్రం అన్ని వైపుల నుంచి ఎక్స్ కిరణాలను పంపి, శరీరాన్ని దాటి ఎంత మిగిలి వచ్చాయో కొలుస్తుంది. దానినిబట్టి శరీరంలోని ప్రతి చిన్న భాగానికీ ఒక అంకె ఇస్తుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. దట్టమైన ఎముకకు అంకె పెద్దది. వీటినే హౌన్స్‌ఫీల్డ్ ప్రమాణాలంటారు.

తుంటి కీలు అరిగినవారికి లోహపు కీలు అమర్చడం నేడు సాధారణం. అటువంటివారికి పొత్తికడుపు కింది భాగంలో కేన్సర్ వస్తే చిక్కు మొదలవుతుంది. లోహం ఎక్స్ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అవతలికి చేరేవి స్వల్పం. చాలీచాలని కొలతలతో కూర్చిన చిత్రంలో లోహం చుట్టూ నల్లని పట్టీలు, తెల్లని చారలు కనిపిస్తాయి. అవి శరీరంలో లేని నీడలు. రెండు తుంటి కీళ్లూ లోహపువైతే వాటి నడుమ చీకటి పట్టీ పరచుకుంటుంది. మూత్రాశయం, పురీషనాళం ఉండే చోటు అదే.

దీనివల్ల రెండు నష్టాలు. గడ్డ అంచు కనబడదు, అంకెలు తప్పుతాయి. నల్లని పట్టీలో కండకు ఉండవలసిన అంకె బాగా తగ్గిపోతుంది. కంప్యూటరు ఆ అంకెనే నమ్మి మోతాదు కడుతుంది. అప్పుడు గడ్డకు చాలినంత అందకపోవచ్చు. పక్కనున్న మంచి అవయవం దెబ్బతినవచ్చు.

ఈ చిక్కుకు కొన్ని ఉపాయాలున్నాయి. చారలను తగ్గించే కంప్యూటరు పద్ధతులు వచ్చాయి. అయితే అవి అన్నింటినీ తుడిచివేయలేవు. అందువల్ల నిపుణులు చారలు పడిన చోటును గుర్తించి, అక్కడ ఉన్నది కండ అని నిర్ధారించుకుని, నీటికి దగ్గరి అంకెను తామే ఇస్తారు. వీలైనంతవరకు కిరణాలు లోహం గుండా పోకుండా దిక్కులు ఎంచుకుంటారు.

లోహం ఏదో తెలియడం కూడా ముఖ్యం. టైటానియం నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు సాంద్రమైనది. కోబాల్ట్-క్రోమియం మిశ్రమం ఎనిమిది రెట్లకు పైగా సాంద్రమైనది. ఆ వివరం పాత ఆపరేషన్ కాగితాలలో ఉంటుంది. కనుక రోగి వాటిని భద్రపరచుకుని, చికిత్సకు ముందే వైద్యునికి చూపాలి. యంత్రం తాను కొలిచినదే చెబుతుంది. అందులో నిజమేదో, నీడ ఏదో తేల్చవలసినవాడు మనిషే.