పడదు... సరే, ఏది పడదు?

‘నాకు వంకాయ పడదు’... ‘పెద్దాడికి ఆ ఇంజెక్షను పడదు’... ‘అత్తయ్యకు దుమ్ము పడదు’... ప్రతి ఇంట్లోనూ వినే మాటలే ఇవి. మనకైతే ‘పడదు’ అన్న ఒక్క మాట చాలు. ఆసుపత్రి కంప్యూటర్‌కి మాత్రం అది చాలదు. ఏది పడదు? తీసుకుంటే ఏమైంది? అన్నీ కావాలి దానికి. ఆ వివరాలను అక్షరాలూ అంకెల్లోకి మార్చేదే మెడికల్ కోడింగ్. అందులో అలర్జీల కథ ఇది!

జబ్బులకో జాబితా

ఒక్కో ఊళ్లో డాక్టరు ఒక్కో మాట రాస్తే ఏ జబ్బు ఎందరికి వచ్చిందో లెక్క తేలేదెలా? అందుకే ఫ్రాన్స్‌కి చెందిన గణాంక నిపుణుడు జాక్ బెర్టిలాన్ 1893లో మరణ కారణాలతో ఓ జాబితా తయారుచేశాడు. అప్పటికి ‘అలర్జీ’ అన్న పదమే పుట్టలేదు. వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే దాన్ని వాడుకలోకి తెచ్చింది 1906లో. బెర్టిలాన్ జాబితానే పెరిగి పెద్దదై ‘ఐసీడీ’ అయింది. 1948 నుంచీ దాని బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థది. పదో కూర్పుకి 1990లో ఆమోదం లభిస్తే, పదకొండోది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఒకే మొక్క... రెండు గదులు

మన పొలం గట్లమీద విరగబూసే వయ్యారిభామనే తీసుకోండి. దాని పుప్పొడి ముక్కులోకి పోతే ఆగకుండా తుమ్ములు. ఆకు ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లూ దురదా. తప్పు చేసింది ఒకటే మొక్క. కానీ ఐసీడీ-10లో తుమ్ములకు జె30.1 కోడు, దద్దుర్లకు ఎల్23.7. ఒకటి శ్వాస జబ్బుల అధ్యాయంలో, రెండోది చర్మవ్యాధుల్లో! పైగా మొదటిది ‘పుప్పొడి’ అంటుంది, రెండోది ‘మొక్కలు’ అంటుంది. వయ్యారిభామ పేరు ఎక్కడా ఉండదు. జబ్బు ఏ అవయవానికి వచ్చిందన్నదే అక్కడ ముఖ్యం మరి.

దీంతో వచ్చిన చిక్కు చిన్నదేం కాదు. అలర్జీ ముదిరి బీపీ పడిపోయి, ఊపిరాడక ప్రాణం మీదికొచ్చే పరిస్థితిని ‘అనాఫిలాక్సిస్’ అంటారు. దానివల్ల ఎవరైనా చనిపోతే, మూలకారణంగా నమోదు చేయడానికి ఐసీడీ-10లో తగిన కోడు లేదని నిపుణులు ఎత్తిచూపారు. లెక్కలోకి రాని మరణం ఎవరి దృష్టిలోనూ పడదు కదా! అందుకే పదకొండో కూర్పులో అలర్జీలన్నిటినీ ఒకచోట చేర్చారు. అనాఫిలాక్సిస్‌కి 4ఏ84 అని సొంత కోడు ఇచ్చారు. అందులోనూ తిండివల్ల వచ్చిందా, మందువల్లా, పురుగు కాటువల్లా అన్నది విడివిడిగా రాయొచ్చు.

వంకాయ... ‘ఇతరాలు’!

ఈ కోడ్లతో మన యువతకూ గట్టి అనుబంధమే ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడ్లు వేసే ఉద్యోగాలు వేలమంది చేస్తున్నారు. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ చదివినవాళ్లు శిక్షణ తీసుకుని ఇందులోకి వస్తుంటారు. 2015 అక్టోబరు 1 నుంచీ అమెరికా వాడుతున్నది ఐసీడీ-10కి తనదైన రూపం. అందులో పెన్సిలిన్ పడనివారికి జడ్88.0, సల్ఫా మందులు పడనివారికి జడ్88.2. వేరుశనగకు జడ్91.010, చేపలూ రొయ్యల్లాంటి వాటికి జడ్91.013. మరి మన వంకాయ? దానికంటూ కోడు లేదు. జడ్91.018... అంటే ‘ఇతర ఆహారాలు’!

కోడరు ఊహించి రాయడానికి వీల్లేదు. డాక్టరు రాసిందే ప్రమాణం. ‘అలర్జీ ఉంది’ అని మాత్రమే రాసుంటే కోడు కూడా అంత పొడిపొడిగానే ఉంటుంది.

ఆ ముద్ర చెరగదు

అలర్జీ లేకపోయినా ఉందని రాయించుకోవడం ఇంకో ప్రమాదం. అమెరికాలో నూటికి పదిమంది తమకు పెన్సిలిన్ పడదని చెబుతారట. నిజంగా అలర్జీ ఉన్నవారు నూటికి ఒకరు కూడా ఉండరన్నది అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం మాట. మందు వేసుకున్నప్పుడు కడుపులో తిప్పినా, జ్వరంతోపాటు దద్దుర్లు వచ్చినా ‘పడదు’ అనేస్తారు. కానీ కడుపులో తిప్పడం దుష్ప్రభావమే తప్ప అలర్జీ కాదు. కోడింగ్‌లోనూ ఈ రెండూ వేర్వేరు. పైగా నిజమైన అలర్జీ ఉన్నవారిలోనూ నూటికి 80 మందికి పదేళ్లలో అది పోతుంది. ముద్ర మాత్రం అలాగే ఉండిపోతుంది. దాన్ని చూసి డాక్టర్లు మరింత ఘాటైన యాంటీబయాటిక్స్ రాస్తారు. మొండి సూక్ష్మజీవులు పెరిగేది అలాగే.

కంప్యూటర్‌కి చుట్టరికాలు

ఐసీడీ లెక్కల కోసమైతే, వైద్యం చేసే చోట వాడేందుకు ‘స్నోమెడ్ సీటీ’ అని మరో పద్ధతి ఉంది. 2014లో మన దేశం అందులో సభ్యురాలైంది. అందులో పెన్సిలిన్ అలర్జీ సంఖ్య 91936005. ఇక్కడ మందులకు వంశవృక్షం ఉంటుంది. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబంలోదే అని కంప్యూటర్‌కి తెలుసు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ఉంటే, డాక్టరు అమాక్సిసిలిన్ రాయగానే ‘ఆగండి’ అని హెచ్చరిస్తుంది. అదే ఏ మూలనో ‘ఇంజెక్షను పడదు’ అని రాసి వదిలేస్తే..? కంప్యూటర్ నోరు మెదపదు!

డాక్టరుకిలా చెప్పండి!

* ‘ఎర్ర బిళ్ల’, ‘ఆ ఇంజెక్షను’ అనొద్దు. మందు అసలు పేరు చీటీ మీద రాసి పర్సులో ఉంచుకోండి.
* ఏమైందో చెప్పండి. దద్దుర్లా, ముఖం వాపా, ఆయాసమా, వాంతులా?
* మందు వేసుకున్న ఎంతసేపటికి అయిందో, అది ఏ ఏడాదో చెప్పండి.
* ఆ తర్వాత అదే మందు మళ్లీ వాడారా, ఏమైనా అయిందా అన్నదీ చెప్పాలి.
* చిన్నప్పటి అలర్జీ ఇప్పుడూ ఉందేమో డాక్టరునడిగి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో వేసుకుని చూడటం మాత్రం వద్దే వద్దు.

కోడు వేసేది ఎక్కడో కూర్చున్న ఉద్యోగే కావొచ్చు. దానికి కావలసిన మొదటి మాట మాత్రం మన నోటి నుంచే రావాలి!