మగ్గానికి ఫ్యూజు ఉంది, మనిషికి ఏముంది?

2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున మన అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని ఒక టవల్ కార్ఖానాలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. ఆ సంగతి ఈ పత్రిక చదివే ఏ ఇంటికీ కొత్తగా చెప్పనక్కరలేదు. చనిపోయినవాళ్లు అక్కడే కాపురం ఉండేవాళ్లు: యజమాని, ఆయన ఇంటివాళ్లు, పనివాళ్ల కుటుంబం వాళ్లు. షార్ట్ సర్క్యూట్ కావచ్చునని మొదట్లో అన్నారు. కారణం ఏదైనా, మగ్గమూ మనిషీ ఒకే కప్పు కింద ఉన్న ప్రతి ఇల్లూ ఆ రోజు ఒకసారి తన గోడల వైపు చూసుకుంది.

అశోక్ చౌక్, సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, నీలమ్ నగర్ – ఎక్కడ చూసినా మన బతుకు తీరు అదే కదా. కింద మగ్గాలు, పైన సంసారం. లేదంటే ముందర మగ్గాలు, వెనక వంటిల్లు. ఇరవై రెండేళ్లుగా ఈ గల్లీల్లో మోటార్లు, వైరింగు చూస్తున్నాను. ఏ ఇంటికి పోయినా ఒకటే మాట వినిపిస్తది: "ఫ్యూజు ఉంది కదా అన్నా, ఏం గాదు." ఆ మాట గురించే ఈ వ్యాసం.

ఫ్యూజు కాపాడేది ఎవరిని?

ఫ్యూజు గానీ, ఇప్పుడు పెడుతున్న ఎం.సి.బి. గానీ కాపాడేది వైరును, మోటారును. మనిషిని కాదు. లెక్క చూడండి. 15 ఆంపియర్ల ఫ్యూజు పోవాలంటే 15 ఆంపియర్లకు పైగా, అంటే 15,000 మిల్లీ ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి 100 మిల్లీ ఆంపియర్ల లోపే చాలు. తడి చేతులతో, వట్టి కాళ్లతో 230 వోల్టులు తాకితే ఒంట్లో నుంచి 200 మిల్లీ ఆంపియర్ల దాకా పోవచ్చు. మనిషి ప్రాణం పోయేంత కరెంటు ఫ్యూజు లెక్కలోకే రాదు. మగ్గం నడుస్తూనే ఉంటది.

మన ఇళ్లల్లో ఇంకో ముప్పు ఉంది. ఆడవాళ్లు బీడీల కోసం తునికాకు నీళ్లల్లో నానబెడతారు. ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ, పోగు తెగిందనో, పిలిచారనో లేచి అదే తడి చేత్తో స్విచ్చు వేస్తారు, లేదా మగ్గం ఇనుము పట్టుకుంటారు. పాత మోటారులో వైండింగు ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు బాడీలోకి దిగి ఉంటే, ఆ ఒక్క క్షణం చాలు.

"ఎర్త్ ఉంది కదా" అంటారా?

ఎర్త్ తప్పనిసరి. కానీ ఎర్త్ ఒక్కటే చాలదు. మే నెలలో మన సోలాపూర్ ఎండకు ఎర్త్ గుంతలో తడి ఆరిపోతది. నిరోధం 10 ఓములకు పెరిగిందనుకోండి. మోటారు బాడీలోకి ఫేజు దిగితే, 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. అక్కడ 32 ఆంపియర్ల ఎం.సి.బి. ఉంటే అది కదలదు. మగ్గం ఇనుములో కరెంటు అట్లనే ఉంటది, మీటరు తిరుగుతూనే ఉంటది.

ఇంకొందరు ఎర్త్ తీగను న్యూట్రల్‌కు కట్టి ఊరుకుంటారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే, ఎర్త్ ఉందనుకున్న ప్రతి ఇనుప వస్తువులోకీ కరెంటు వస్తది. ఇది ఎర్త్ లేకపోవడం కన్నా చెడ్డది.

మనిషి కోసం ఒక డబ్బా

దాని పేరు ఆర్.సి.సి.బి. మన షాపుల్లో ఈ.ఎల్.సి.బి. అని అడిగినా ఇది ఇస్తారు. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది నిరంతరం చూసుకుంటది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, కనురెప్ప పాటులో లైను తెంపేస్తది. డబ్బా మీద 30 ఎం.ఎ. అని ఉందో లేదో చూసి కొనండి. 300 అని ఉన్నది మంటలను ఆపడానికే, మనిషిని కాపాడదు. ఆర్.సి.సి.బి. ఉన్నా ఎం.సి.బి. కావాల్సిందే. ఎవరి పని వారిదే. ఒక చేత్తో ఫేజును, ఇంకో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాణ్ణి మాత్రం ఏ డబ్బా కాపాడలేదు.

"అది పెడితే మాటిమాటికి పడిపోతది, పని ఆగిపోతది" అని చాలామంది తీసేయిస్తారు. పీసు లెక్కన కూలి తీసుకునేవాడికి గంట పోతే అది అన్నం మీద దెబ్బే, కాదనను. కానీ అది పడిపోతుందంటే ఎక్కడో కరెంటు కారుతున్నదని అర్థం. మొత్తం కార్ఖానాకు ఒక్కటే పెట్టకుండా, నాలుగేసి మగ్గాలకు ఒకటి, ఇంటి లైట్లకు ఒకటి విడిగా పెట్టించండి. అప్పుడు చెడిన మోటారు ఏదో వెంటనే తెలుస్తది, మిగతా మగ్గాలు ఆగవు. ఖర్చు కొన్ని వేలు అవుతది. నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడండి. పడకపోతే మార్చాలి.

ఏ డబ్బాకూ దొరకని దొంగ

ఒకటి మాత్రం రెండు డబ్బాలకూ పట్టుబడదు: లూజు జాయింటు. స్క్రూ వదులైన చోట తీగ వేడెక్కుతది, కరెంటు మాత్రం మామూలుగానే పారుతది. దాని మీద దూది దుమ్ము మెత్తగా పేరుకుంటే నిప్పుకు ఒత్తి పెట్టినట్టే. మగ్గాల గదిలో దుమ్ము మోటారు మీద, స్విచ్చు బోర్డు లోపల, ట్యూబులైట్ పట్టీ మీద కూడా చేరుతది. మోటారు కప్పుకున్న దుమ్ము వేడిని బయటికి పోనివ్వదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటారు గుంయ్‌మని మూలుగుతది. వెంటనే ఆపకపోతే వైండింగు కాలుతది.

అందుకే వారానికోసారి మెయిన్ ఆపి, పొడి కుంచెతో మోటార్లు తుడవండి. బోర్డు లోపల మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తో ఆరు నెలలకోసారి స్క్రూలు బిగించి, దుమ్ము తీయించండి. మోటారుకు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించండి. పోయిన ఫ్యూజులో రాగి తీగల కట్ట చుట్టి పెట్టే అలవాటు మానాలి. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, గోడలోని వైరు.

దారి ఖాళీగా ఉంచండి

మెట్ల కింద నూలు బేళ్లు, తలుపుకు అడ్డంగా టవళ్ల కట్టలు మన ఇళ్లల్లో మామూలే. మంట లేచిన రాత్రి పైనున్నవాళ్లు దిగే దారి అదే. మగ్గాలు నడుస్తుంటే కేక కూడా వినపడదు. రెండో తలుపు ఉంటే దానికి బయట నుంచి తాళం వేయకండి. మెయిన్ స్విచ్చు ఎక్కడుందో ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా చూపించండి.

ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపాలి, మనిషిని ముట్టుకోకూడదు. ఆపడం కుదరకపోతే ఎండిన కర్రతో వేరు చేయాలి. ఊపిరి లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. మంటకైతే 101. కరెంటు మంట మీద నీళ్లు పోయకండి.

ఈ నెల చేతిలో డబ్బు తక్కువుంటే మొదట ఎర్త్ కొలిపించి, ఇంటి లైనుకు ఒక ఆర్.సి.సి.బి. పెట్టించండి, ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి. వచ్చే నెల మగ్గాల లైను. దుమ్ము తుడవడానికి, మెట్లు ఖాళీ చేయడానికి మాత్రం పైసా అక్కరలేదు, వచ్చే సెలవు రోజే చేసేయండి.