గోధుమ లేకుండా పొంగే అట్టు

రొట్టెముక్క విషమయ్యే పిల్లలున్నారు. వారి కంచంలోనూ మెత్తని అట్టును వడ్డించడానికి వైద్యశాస్త్రమూ, వంటశాస్త్రమూ చేతులు కలిపిన కథ ఇది.

1944వ సంవత్సరపు శీతకాలం. జర్మను సైన్యాల ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలెండుకు ఆహారం చేరే దారులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కాలువలు గడ్డకట్టాయి. జనం చక్కెరదుంపలను, అవీ దొరకని నాడు తులిప్ పూలదుంపలను ఉడికించుకుని తిన్నారు. 1945 మే నెలలో విముక్తి లభించేనాటికి దాదాపు 20,000 మంది ఆకలికి బలి అయ్యారు.

ఆ ఘోరమైన కరవులో ఒక విచిత్రం జరిగింది. హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి డాక్టర్ విల్లెమ్ డికె అధిపతి. ఊరంతా చిక్కి శల్యమవుతూ ఉంటే, ఆయన చికిత్సలో ఉన్న కొద్దిమంది పిల్లలు మాత్రం మునుపటికంటే తేరుకున్నారు. వారందరిదీ ఒకే జబ్బు: ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్ళుచేతులు, ఎంతకూ తగ్గని విరేచనాలు, ఆగిపోయిన ఎదుగుదల. యుద్ధం ముగిసి రొట్టె తిరిగి ఊళ్ళోకి రాగానే వారి జబ్బు కూడా తిరిగి వచ్చింది.

గోధుమ ఈ పిల్లలకు పడదన్న అనుమానం డికెకు 1930ల నుంచీ ఉంది. కరవు ఆ అనుమానానికి సాక్ష్యం చెప్పింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఆయన తన పరిశీలనలను ప్రకటించారు. సహచరులతో కలిసి జరిపిన తరువాతి పరిశోధనలలో అసలు దోషి తేలింది. అది గోధుమలోని పిండిపదార్థం కాదు, గ్లూటెన్ అనే మాంసకృత్తు.

పేరు పాతదే, కారణం కొత్తది

ఈ వ్యాధిని సీలియాక్ అంటారు. పొట్ట అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చిన పేరది. లండనులో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1887లో ఇచ్చిన ఉపన్యాసంలో దీని లక్షణాలను స్పష్టంగా వర్ణించి, ఇది నయమయ్యేదే అయితే ఆహారం వల్లనే నయం కావాలని సూచించాడు. ఏ ఆహారమో మాత్రం ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండ్లు ప్రధానంగా ఉండే పథ్యంతో కొందరు పిల్లలను బాగుచేశాడు. మహిమ అరటిపండుదేనని చాలాకాలం నమ్మారు. నిజానికి మేలు చేసింది పిల్లలు తిన్న అరటిపండు కాదు, తినకుండా ఉన్న రొట్టె.

మన చిన్నప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. వేళ్ళవంటి సూక్ష్మమైన చూషకాలతో మఖమలు గుడ్డలా ఉంటుంది. తిన్న అన్నంలోని సారాన్ని రక్తంలోకి చేరవేసేవి ఇవే. సీలియాక్ ఉన్నవారి శరీరం గ్లూటెన్‌ను శత్రువుగా భావించి యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధంలో దెబ్బతినేది సొంత ప్రేగే. చూషకాలు అరిగి గోడ చదునైపోతుంది. అప్పుడు ఎంత తిన్నా ఒంటపట్టదు. కొందరు పిల్లలు పొట్టిగా ఉండిపోతారు. కొందరు పెద్దవారిలో విరేచనాల జాడే ఉండదు. ఎన్ని మందులు వాడినా లొంగని రక్తహీనతో, పెళుసుబారిన ఎముకలో ఈ వ్యాధిని బయటపెడతాయి. దీనికి ఇప్పటికీ ఉన్న చికిత్స ఒక్కటే. గోధుమ, బార్లీ, రై ధాన్యాలను జీవితాంతం మానివేయడం. మానితే ప్రేగు క్రమంగా కోలుకుంటుంది.

జిగురు చేసే మేలు

లాటిన్ భాషలో గ్లూటెన్ అంటే జిగురు. ఆ పేరు ఎంత సార్థకమో మీ వంటింట్లోనే చూడవచ్చు. గుప్పెడు మైదాను ముద్దగా కలిపి, కొంతసేపు నాననిచ్చి, కుళాయి ధారకింద మెల్లగా పిసుకుతూ కడగండి. తెల్లని గంజి అంతా కొట్టుకుపోయాక చేతిలో రబ్బరులాంటి బూడిదరంగు ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది.

రొట్టె పొంగడానికి ఈ గుణమే ఆధారం. పిండిలో పుట్టిన వాయువును ఈ సాగే వల పట్టి ఉంచుతుంది. బుడగలు పెరుగుతాయి, వల సాగుతుంది, వేడికి గట్టిపడి ఆ రూపంలోనే నిలిచిపోతుంది. గోధుమను తీసివేయడమంటే ఒక రుచిని మానుకోవడం మాత్రమే కాదు, ఇంటికి దూలాలు తీసివేయడం వంటిది. సీలియాక్ ఉన్న పిల్లవాడి తల్లి మొదటిసారి వేరే పిండితో కేకు చేసి, అది ఇటుకలా దిగిపోగా నిరాశపడుతుందంటే కారణం ఆమె చేతివాటం కాదు. పిండిలో వల లేదు.

గుర్రాల దాణా, మనుషుల గింజ

ఓట్స్‌కు తెలుగు పేరు లేదు. ఏకవచనం చేసి ‘ఓటు’ అన్నా, బహువచనం చేసి ‘ఓట్లు’ అన్నా ఎన్నికలు గుర్తుకు వస్తాయి గనుక అనువాదకులు ఇంగ్లీషు బహువచనాన్నే యథాతథంగా ఉంచుతారు. ఉత్తర భారతంలో ఇది ప్రధానంగా పశుగ్రాసం. 1755లో వెలువడిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీనిని ఇంగ్లండులో గుర్రాలకు పెట్టేదిగా, స్కాట్లండులో మనుషులను పోషించేదిగా నిర్వచించి స్కాట్లండువారిని ఎత్తిపొడిచాడు. గోధుమ సరిగా పండని ఆ చలిదేశంలో ఓట్స్ జావా, ఓట్స్ రొట్టే తరతరాలను నిలబెట్టాయి.

ఓట్స్‌లో గ్లూటెన్ లేదు. దానికి బదులు ఎవెనిన్ అనే మాంసకృత్తు ఉంది. సీలియాక్ ఉన్నవారిలో అత్యధికులకు ఇది హాని చేయదు. 1995లో ఫిన్లండు వైద్యులు ప్రకటించిన అధ్యయనం ఈ ధైర్యాన్ని ఇచ్చింది. కాని ఇక్కడ రెండు హెచ్చరికలు తప్పవు. కొద్దిమందికి ఎవెనిన్ కూడా పడదు. రెండవది ఇంకా ముఖ్యం. ఓట్స్ పండే పొలం పక్కనే గోధుమ పండుతుంది. ఒకే లారీ రెండింటినీ మోస్తుంది. ఒకే మర రెండింటినీ ఆడుతుంది. కనుక బజారులోని మామూలు ఓట్స్ పొట్లంలో గోధుమ నలుసులు ఉండే అవకాశం చాలా ఎక్కువ. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని గ్లూటెన్ ఉంటేనే ఏ పదార్థాన్నయినా గ్లూటెన్ రహితమని చెప్పవచ్చునని అంతర్జాతీయ ప్రమాణమూ, మన దేశపు ప్రమాణమూ నిర్దేశిస్తున్నాయి. పొట్లంపై ఆ మాట ఉన్న ఓట్స్‌నే, అదీ వైద్యుని సలహాతో ప్రారంభించాలి.

ఒక భర్త కలిపిన పొడి

దూలాలు లేని ఇంటిని నిలబెట్టడమెలా? ఈ ప్రశ్నకు సగం సమాధానం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో దొరికింది. అక్కడ ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందులవ్యాపారి ఉండేవాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కు గుడ్లు పడవు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డులేని కస్టర్డు పొడిని తయారుచేశాడు. రొట్టెను పొంగించే ఈస్టు కూడా ఆమెకు పడదు. 1843లో ఆయన ఈస్టు అవసరం లేకుండా పిండిని పొంగించే పొడిని కలిపాడు. అదే బేకింగ్ పౌడరు. దాని సూత్రం సులువైనది. సోడా, ఒక ఆమ్లం పొడిగా ఉన్నంతకాలం పక్కపక్కనే నిద్రపోతాయి. తడి తగలగానే కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తాయి. నేడు ప్రపంచమంతటా కేకులను పొంగిస్తున్న ఈ పొడి, ఇష్టమైనది తినలేని ఒక ఇల్లాలి కోసం పుట్టింది.

వాయువు పుట్టింది సరే, పట్టి ఉంచేదెవరు? ఆ పనిని ఇద్దరు పంచుకుంటారు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచుపదార్థం ఉంది. అది నీటిని పీల్చి చిక్కని జిగురుగా మారి బుడగలను కదలనివ్వదు. గుడ్డులోని తెల్లసొన నురగగా మారి, వేడికి గట్టిపడి గోడలుగా నిలుస్తుంది.

పెనం మీద

పాన్‌కేకును అనువాదాలలో అట్టు అంటాము. నిజానికి మన పలుచని అట్టుకంటే అది దిబ్బరొట్టెకు దగ్గరి చుట్టం. అరచేతి వెడల్పున, వేలిమందాన, లోపల దూదిలా ఉండాలి. అటువంటివి ఎనిమిది కావాలంటే ఓట్స్ పిండి 150 గ్రాములు, పాలు 180 మిల్లీలీటర్లు, గుడ్లు రెండు, బేకింగ్ పౌడరు రెండు చిన్న చెంచాలు, కరిగించిన వెన్న ఒక పెద్ద చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు చాలు. బేకింగ్ పౌడరులో కలిపే గంజిపొడి గోధుమది కాదని డబ్బామీద చూసుకోవాలి. పిండిని ఇంట్లోనే మిక్సీలో ఆడి జల్లించుకోవడం మేలు. బరక మిగిలితే అట్టు గరుకుగా వస్తుంది.

ముందు పిండి, పాలు, పచ్చసొనలు, వెన్న, చక్కెర, ఉప్పు కలిపి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. తొందరపడేవారు చెడగొట్టేది ఇక్కడే. ఓట్స్ పిండి నీటిని నెమ్మదిగా తాగుతుంది. నానకముందే పోస్తే పెనం మీద పరుచుకుపోయి, తిప్పబోతే విరుగుతుంది. నానాక పిండి ఇడ్లీ పిండిలా గరిటెనుంచి బరువుగా జారాలి. మరీ గట్టిపడితే రెండు చెంచాల పాలు చేర్చవచ్చు. చివరగా బేకింగ్ పౌడరు చల్లి కలిపి, విడిగా నురగవచ్చేలా గిలకొట్టిన తెల్లసొనను పైనుంచి కిందికి మెల్లగా కలపాలి. ఆ తరువాత ఆలస్యం పనికిరాదు. పుట్టిన వాయువు పారిపోతుంది.

పెనం సన్నని సెగమీద సమంగా కాగాలి. వెన్న రాసి అర గరిటె చొప్పున పోసి, గరిటెతో పరచకుండా వదిలెయ్యాలి. రెండు మూడు నిమిషాలకు పైన బుడగలు లేచి పగులుతాయి, అంచులు తడి ఆరుతాయి. అప్పుడు ఒకే ఒక్కసారి తిప్పాలి. తిప్పాక అట్లకాడతో అదమకూడదు. అదిమితే లోపలి గాలి పోయి రొట్టె అణిగిపోతుంది. గుడ్డు తినని ఇళ్ళలో బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి, పాలకు బదులు చిక్కని పుల్లమజ్జిగ, బేకింగ్ పౌడరుతోపాటు పావు చెంచా వంటసోడా వాడవచ్చు. అంత ఎత్తు పొంగదు గాని మెత్తదనానికి లోటుండదు.

చపాతీలు కాల్చే పెనమే దీనికీ వాడితే పడిన శ్రమంతా వృథా. పెనం, జల్లెడ, చెక్కగరిటె విడిగా ఉండాలి. పొడిపిండి నలుసు కంటికి కనిపించదు, ప్రేగుకు తెలుస్తుంది.

మన రుబ్బురోలు చెప్పిన పాఠం

గోధుమ లేకుండా పిండిని పొంగించడం పాశ్చాత్యులకు కొత్త సమస్య. మనకు అది రోజువారీ పని. బియ్యపురవ్వకూ మినప్పిండికీ గ్లూటెన్ ఉన్నదెక్కడ? అయినా ఇడ్లీ పొంగుతుంది, దిబ్బరొట్టె లేస్తుంది. రాత్రంతా పులిసే పిండిలో వాయువును పుట్టించేది ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి అని 1965లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ వాయువును పట్టి ఉంచేవి మినుములోని జిగురు, మాంసకృత్తు. ఓట్స్ అట్టులో బేకింగ్ పౌడరు, గుడ్డు చేసే పనిని మన అమ్మమ్మల రుబ్బురోలు మినుముతోనే చేసింది. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, శనగ, పెసర వీటన్నిటా గ్లూటెన్ లేదు. పెసరట్టు తినే పిల్లవాడికి పాన్‌కేకు లేకపోతే నష్టమేమిటని అడగవచ్చు. స్నేహితుడి పుట్టినరోజున అందరూ కేకు తింటుంటే పక్కన నిలబడవలసిన పిల్లవాడే దానికి సమాధానం.

మనకు సంబంధం లేని జబ్బేనా?

2016లో వెలువడిన ఒక సర్వే ప్రకారం వయోజనులలో వెయ్యిమందికి ఉత్తరాదిలో సుమారు 12 మందికి, ఈశాన్యంలో సుమారు 9 మందికి, దక్షిణాదిలో ఒకరికి సీలియాక్‌ను సూచించే ప్రతిదేహాలు రక్తంలో ఉన్నాయి. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం మూడు ప్రాంతాలలోనూ దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి. దక్షిణాదివారు గోధుమ తక్కువ తినడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం కావచ్చు. రాత్రిపూట చపాతీ, ఉదయం బ్రెడ్డు, సాయంత్రం నూడుల్సు తెలుగు ఇళ్ళలో స్థిరపడిన ఈ రోజుల్లో, ఇది ఉత్తరాదివారి జబ్బని వైద్యులూ తల్లిదండ్రులూ ఊరుకోవడం మంచిది కాదు.

గోధుమ మన వంటలో మారువేషాల్లో కూడా తిరుగుతుంది. బొంబాయి రవ్వ, సేమ్యా సరే, పులిహోరలో వేసే ఇంగువ సంగతి? బజారులో దొరికే కలిపిన ఇంగువలో తరచు మైదా ఉంటుంది. పిల్లలకు బలమని ఇచ్చే మాల్టు పొడులలో బార్లీ ఉంటుంది. కొన్ని సోయాసాసులలో గోధుమ ఉంటుంది. పొట్లం వెనుక చిన్న అక్షరాలు చదవడం ఈ ఇళ్ళలో మందు వేసుకోవడంతో సమానం.

ఒక మాట మాత్రం మరువరాదు. అనుమానం రాగానే గోధుమ మానివేసి, తరువాత పరీక్షకు వెళ్ళకూడదు. గోధుమ తింటున్నప్పుడే రక్తపరీక్షలో ప్రతిదేహాలు కనిపిస్తాయి. మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బు ఉండి కూడా లేదనిపిస్తుంది. ముందు పరీక్ష, తరువాత పథ్యం. జబ్బు ఖాయమైతే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి, ఎందుకంటే రక్తసంబంధీకులలో ఇది ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ తరువాత మిగిలేది వంట. పదిహేను నిమిషాల ఓపిక, విడిగా పెట్టుకున్న ఒక పెనం, పొట్లం వెనుక చదివే అలవాటు ఉంటే చాలు. బడికి వెళ్ళే ఆ పిల్లవాడి డబ్బాలో రెండు మెత్తని అట్లు సర్దిపెట్టవచ్చు. పక్క పిల్లవాడు ఒక ముక్క అడిగినా నిరభ్యంతరంగా పెట్టవచ్చు. వీడు మాత్రం వాడి డబ్బాలోది తినకూడదన్న సంగతి ఇద్దరికీ, వారి ఉపాధ్యాయునికీ చెప్పి ఉంచాలి.